సర్వేయర్ వచ్చేదాకా

ఫిబ్రవరి 9

చిట్టికి,

బావ ఆశీస్సులు. కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనే. ఇంతకాలం నీకు ఉత్తరాలు రాసే పని మీ అక్కది. చివర్లో "మీ బావ కూడా నిన్ను అడిగినట్టు రాయమన్నారు" అని ఒక ముక్క ఉండేది చూడు, సగం సార్లు నేను రాయమన్నది లేదు, తనే రాసేసేది. తను పోయి ఏడాది కావస్తోంది. ఇక నా మాట నేనే రాసుకోవాలి.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ బీమా కంపెనీలో రోజంతా ఫోన్‌లో జనం ప్రశ్నలకి జవాబులు చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక ఫోన్ మోగితే దిండు కింద పెట్టేస్తావని మీ అక్క చెప్పేది. అందుకని ఉత్తరం.

సంగతేమిటంటే, వెనక గదిలో గోడలోంచి వెళ్లే నీళ్ల పైపు పగిలింది. మీ అక్క పుస్తకాలు బైండింగ్ చేసుకునే గది. నేను బజారు నుంచి వచ్చేసరికి గుమ్మం కింద నుంచి నీళ్లు హాల్లోకి వచ్చేస్తున్నాయి. లోపల పైకప్పు పెచ్చులు ఊడిపడ్డాయి. బల్ల మీది అట్టలు, కాగితాల కట్టలు, దారపు ఉండలు అన్నీ నానిపోయాయి. ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేసినవాణ్ణి, ఒక పైపు కోసం ఇంకొకణ్ణి పిలవడం నామోషీ అనిపించి, పగిలిన ముక్క కోసి తీసేసి కొత్త ముక్క నేనే బిగించాను.

ఇంటికి బీమా ఉంది. కానీ అది మీ అక్క పేరు మీద ఉంది. ఆ డబ్బు కట్టే పనులన్నీ తనే చూసుకునేది. మనిషి పోయాక పాలసీ ఉంటుందా, మనిషితోపాటే పోతుందా? పైపు నేనే బాగుచేసుకున్నాను కదా, అది తప్పు పడతారా? మీ కంపెనీ వేరని తెలుసు, అయినా రూల్స్ ఎక్కడైనా ఒకటేగా. తీరిక ఉన్నప్పుడు రాయి.

బావ


ఫిబ్రవరి 15

బావగారికి నమస్కారం.

కంగారు పడలేదు గానీ కవరు కాసేపు విప్పలేదు. వెనక చిరునామా అదే, రాత వేరు.

మీ ప్రశ్నలకి జవాబులు. పాలసీ గడువు ఉన్నంతవరకూ ఉంటుంది, ఇంటి వారసులుగా మీరు క్లెయిమ్ చేసుకోవచ్చు. కానీ అక్క పోయిన సంగతి వాళ్లకి తెలియాలి. మరణ ధ్రువపత్రం జత చేసి ఒక అర్జీ పెట్టండి, పేరు మారుస్తారు. నీళ్లు ఆపడానికి మీరు చేసిన రిపేరు తప్పేమీ కాదు, చేయకపోతేనే తప్పు. పగిలిన పైపు ముక్క మాత్రం పారేయకుండా దాచండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. కంపెనీ ఒక సర్వేయర్‌ని పంపుతుంది. నష్టం ఎంతో కళ్లతో చూసి రాసుకునే మనిషి. ఆయన వచ్చి చూసేదాకా గదిలో ఏ వస్తువూ కదపకండి, దేన్నీ పారేయకండి. తడిసినవి తడిసినట్టే ఉండాలి. ఈ మాట రోజుకి ఎన్నిసార్లు చెబుతానో లెక్కలేదు, అయినా జనం శుభ్రంగా ఊడ్చి, కడిగి, ఆ తర్వాత ఫోన్ చేస్తారు.

ఈమధ్య ఒక పెద్దాయన తరచూ చేస్తున్నాడు. మొన్న గొడుగు పోతే బీమా వస్తుందా అని అడిగాడు. రాదండీ అన్నాను. పోకుండా చిరిగితే? అన్నాడు. రాదండీ. కాసేపు ఆలోచించి, వానలో కాకుండా గాలికి చిరిగితే? అన్నాడు. నా వెనకాల కూర్చునే అమ్మాయి నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. చివర్లో మేం అందరినీ "ఇంకేమైనా ప్రశ్నలున్నాయా" అని అడగాలి, రూలు. ఆయన కాసేపు వెతుక్కుని "ఇవాళ్టికి లేవమ్మా" అంటాడు.

నా సంగతి చెప్పడానికేముంది. గదిలోకి ఒక కుర్చీ కొందామని వెళితే జతగా అయితేనే అమ్ముతానన్నాడు కొట్టువాడు. ఇప్పుడు ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో ఉతికి మడతపెట్టిన బట్టలు. బట్టలకి బాగా సరిపోయింది.

మీ మరదలు


మార్చి 3

చిట్టికి,

ఆశీస్సులు. పైపు పగిలిందని కంపెనీకి ఫోన్ చేసి చెప్పాను. గది విషయంలో నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను. "సర్వేయర్ వచ్చేదాకా ఏమీ కదపొద్దు" అని అట్టముక్క మీద రాసి తలుపుకి అంటించాను. ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే, ఎవరి కోసమని అడక్కు. పక్కింటావిడ చీపురూ తడిగుడ్డా పట్టుకుని సాయానికి వచ్చింది. "మా మరదలు బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగి, ముట్టుకోవద్దని ఆర్డరు వేసింది" అని గుమ్మంలోంచే పంపేశాను. నీకు ఉచితంగా ప్రమోషన్ వచ్చింది.

రోజూ పొద్దున్న టీ తాగి తలుపు తీసి చూసుకుంటాను, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయా అని. ముక్కాలిపీట కొంచెం పక్కకి జరిగి ఉంటుంది, ఇప్పుడే లేచి వెళ్లినట్టు. కళ్లజోడు బల్ల మీద తెరిచే ఉంది. సూదిలో దారం అలాగే ఉంది. కిటికీ కింద ప్రెస్సు. నీకు గుర్తుందా, రెండు చెక్కల మధ్య పుస్తకం పెట్టి పైన మర బిగించేది, జిగురు ఆరేదాకా విప్పకూడదు. ఆసుపత్రికి బయలుదేరిన పొద్దున బిగించింది. ఆటో వచ్చి గుమ్మంలో ఉంది, ఇదొక్కటీ అంటూ లోపలికి వెళ్లింది. ఆ పుస్తకం ఇంకా అందులోనే ఉంది. లైబ్రరీ వాళ్లది.

అందుకే ఈ ప్రశ్న. బాగుచేయమని వేరేవాళ్లు ఇచ్చిన వస్తువులు మనింట్లో పాడైతే బీమా వర్తిస్తుందా? ఇంకొకటి. ఒక్కసారిగా పగిలిపోతే ఇస్తారుగానీ, కొంచెం కొంచెంగా చాలాకాలం కారి పాడైతే ఇవ్వరని పక్కింటాయన అంటున్నాడు. నిజమేనా?

సర్వేయర్ ఇంకా చూడలేదు. నాకు కొంచెం దగ్గు, తడి వాసన వల్ల కాబోలు, పెద్దదేం కాదు. గొడుగు పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

బావ


మార్చి 10

బావగారికి నమస్కారం.

ఇంకా చూడలేదా? నెల దాటుతోంది. సొంత మరదలు ఇదే పనిలో ఉండగా మా బావగారిని ఇలా తిప్పుతారా? నాకు ఒళ్లు మండింది. మా ఆఫీసులో ఇలా జరిగితే మా సూపర్‌వైజర్ మమ్మల్ని నిలబెట్టి కడిగేస్తాడు. వాళ్ల నంబరు నా దగ్గర ఉంది, నేనే చేసి అడుగుతాను.

మీ ప్రశ్నలు. వేరేవాళ్ల వస్తువులకి మామూలు ఇంటి పాలసీలో సాధారణంగా రాదు. ఇంట్లో పని చేస్తున్నామని ముందే చెప్పి రాయించుకుంటే వేరే సంగతి, అక్క రాయించిందో లేదో కాగితం తీసి చూడండి. పక్కింటాయన చెప్పింది నిజమే. ఒక్కసారిగా జరిగినదాన్నే నష్టం అంటారు. నెమ్మదిగా జరిగితే, తెలిసీ ఊరుకున్నారు కదా అంటారు.

అందుకే తొందరపెడుతున్నాను. తడి అలా వదిలేస్తే బూజు పడుతుంది. బూజు తర్వాత వచ్చింది, దానికి ఇవ్వం అంటారు. నాలుగువైపులా ఫోటోలు తీసుకుని కిటికీలు తెరవండి. కిటికీ తెరవడం కదపడం కిందికి రాదు. దగ్గుకి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ధ్రువపత్రం పంపారు కదా? ఆ సంగతి రాయలేదు మీరు.

మీ మరదలు


మార్చి 19

చిట్టికి,

ఆశీస్సులు. నువ్వు ఫోన్ చేయొద్దు. పాపం ఆ సర్వేయర్‌కి ఎన్ని ఇళ్లు తిరగాలో. నా కోసం నువ్వు ఎవరితోనో గట్టిగా మాట్లాడి మాట పడడం నాకిష్టం లేదు. తొందరేమీ లేదు. కిటికీలు తెరిస్తే దుమ్ము పడుతుందని తెరవలేదు.

పాలసీ రెన్యువల్ చేయమని కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పైన మీ అక్క పేరు, ముందు శ్రీమతి అని చక్కగా అచ్చువేసి. కరెంటు బిల్లు నా పేరు, నీళ్ల బిల్లు నా పేరు, తన పేరు మీద ఈ ఇంటికి వచ్చేది ఇదొక్కటే. పోస్టు మనిషి గుమ్మంలో ఆ పేరు చదివి ఇచ్చాడు. కాసేపు నిలబడి మాట్లాడమందామనుకున్నాను, వెళ్లిపోయాడు.

పేరు మార్చడం తప్పనిసరా? మార్చకుండా డబ్బు మాత్రం కట్టేస్తే ఏమవుతుంది?

బావ


మార్చి 30

బావగారికి,

మీరు వద్దన్న ఉత్తరం అందేలోపే ఫోన్ చేసేశాను. చేసింది మంచిదే అయింది, లేకపోతే ఇంకెన్నాళ్లు పిచ్చిదాన్నై ఉండేదాన్నో.

సర్వేయర్ మీ ఇంటికి రెండుసార్లు వచ్చాడట. తలుపు తీయలేదట. లోపల రేడియో వినిపిస్తోందని రాసుకున్నాడు కూడా. ఫోన్ చేస్తే, పాలసీ ఆవిడ పేరు మీద ఉంది, ఆవిడ బయటికి వెళ్లింది, వచ్చాక చేయండి అని మీరు చెప్పారట. అదీ ఒకసారి కాదు. అక్క పోయిన సంగతి వాళ్లకి ఇప్పటికీ తెలియదు. నేను చెప్పాల్సి వచ్చింది. ఫోన్ ఎత్తిన అమ్మాయి, "మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాం, ఇంకేమైనా ప్రశ్నలున్నాయా" అంది. రోజూ నేను ఇదే గొంతుతో ఇదే మాట అంటాను. అవతలి చెవిలో ఎలా పడుతుందో ఇన్నేళ్లూ తెలియలేదు. ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇక అడగక తప్పదు. సర్వేయర్‌ని తప్పించుకునేవాళ్లు మాకు రోజూ తగులుతారు. పైపు ఎప్పటినుంచో కారుతోందని బయటపడుతుందనైనా అయి ఉంటుంది, ఇంకొంచెం పాడైతే ఇంకొంచెం వస్తుందనైనా అయి ఉంటుంది. ఒక్కసారిగానా నెమ్మదిగానా అని మీరు అడిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా చేత జవాబులు చెప్పించుకుని నన్నే వెర్రిదాన్ని చేశారు. వచ్చిన ప్రతి ఉత్తరమూ పైపు గురించే. నేను తిన్నానో లేదో ఒక్క ముక్క లేదు. అక్క ఉత్తరాల్లో నాకు నాలుగు పేజీలుండేవి.

ఏప్రిల్ నెలాఖరులోపు చూపించకపోతే ఫైలు మూసేస్తామన్నారు. ఆ పైన మీ ఇష్టం.

మరదలు


ఏప్రిల్ 8

చిట్టికి,

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. కోపం రాలేదు. నీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

పైపు ఒక్కసారిగానే పగిలింది. పగిలిన ముక్క దాచమన్నావుగా, దాచాను, ఎవరు చూసినా తెలుస్తుంది. డబ్బు కోసం కాదమ్మా.

మొదటిసారి ఆయన వచ్చినప్పుడు నేను హాల్లోనే ఉన్నాను. తలుపు తీద్దామనే లేచాను. ఇంతలో ఆయన ఫోన్‌లో ఎవరితోనో అంటున్నాడు, "పది నిమిషాల పని, చూసి, సామానంతా తీసేసుకోవచ్చని చెప్పి వచ్చేస్తాను" అని. నా చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. ఆయన చూసేస్తే ఆ గది ఖాళీ చేయాలి కదా. ఇప్పటిదాకా పక్కింటావిడ దగ్గర్నుంచి అందరూ అంటున్నారు, ఇంకా ఎన్నాళ్లండీ, ఆ సామాను ఎవరికైనా ఇచ్చేయండి, గది అద్దెకైనా వస్తుంది అని. పెళ్లాం కళ్లజోడు బల్ల మీంచి తీయలేకపోతున్నానని ఈ వయసులో ఎవరికి చెప్పుకోను? నువ్వు ఉత్తరం రాశావు, ఏమీ కదపొద్దు, రూలు అని. అప్పుడు ఎంత తేలికపడ్డానో నీకు చెప్పలేను. ఇంతమందిలో అలా అన్నది నువ్వొక్కదానివే. అది కంపెనీ మాట అని తెలుసు. అయినా నీ సొంత మాటగానే పట్టుకున్నాను.

రెండోసారి వచ్చినప్పుడు కుర్చీలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, దొంగలాగా, నా ఇంట్లో నేనే. రేడియో కట్టేయడం మర్చిపోయాను.

ఒక్కసారిగానా, నెమ్మదిగానా అని అడిగింది పైపు గురించి కాదులే. తను ఆసుపత్రిలో నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. అది తెలిసిందేగా, సిద్ధపడే ఉంటారుగా అన్నారు అందరూ. నేనేమీ సిద్ధపడలేదు.

ప్రశ్నలంటావా. అవి లేకుండా నీకు ఏమని రాయాలో తెలియదు. మీ అక్కలాగా నాలుగు పేజీలు రాయడం నాకు రాదు. ప్రశ్న అడిగితే నువ్వు జవాబు రాస్తావు, జవాబుతోపాటు కుర్చీ సంగతీ, గొడుగు పెద్దాయన సంగతీ వస్తాయి. అవి చదవడానికే ఇవి అడిగాను. బీమా కంపెనీ మనిషివి కాబట్టి ఓపిగ్గా జవాబిస్తున్నావు అనుకున్నానేగానీ, నువ్వూ ఎదురుచూస్తున్నావని తట్టలేదు.

బూజు పట్టింది. అట్టలు పచ్చబడ్డాయి. ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను.

బావ


ఏప్రిల్ 14

బావగారికి నమస్కారం.

నేను రాసిన ఆ మాటలు చించిపారేయండి. మీరు పారేయరని తెలుసు, కనీసం మళ్లీ చదవకండి.

పోయినేడు వచ్చినప్పుడు ఆ గది గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. మీరు చూసే ఉంటారు. సెలవు లేదని మర్నాడే బయలుదేరాను. సెలవు ఉంది. అక్క లేని ఆ గది చూడలేక పారిపోయాను. అక్కడ మీరొక్కరే రోజూ చూసుకుంటున్నారని అనుకోలేదు.

శుక్రవారం రైలెక్కుతున్నాను, శనివారం పొద్దున్నకి వస్తాను. సర్వేయర్‌ని సోమవారం రమ్మని నేనే చెప్పాను. ఆ రెండు రోజులూ గది మనది. ముందు నేను చూస్తాను. పీట ఎక్కడుందో, సూదిలో ఏ రంగు దారం ఉందో మీరు చూపించండి. ఆ తర్వాత ఏది ఉంచాలో ఏది తీయాలో ఇద్దరం కూర్చుని తేల్చుదాం. మీరు తీయలేనిది నేను తీస్తాను, నేను తీయలేనిది మీరు తీయండి.

నేను చూసేదాకా ఏమీ కదపకండి. ఇది కంపెనీ రూలు కాదు.

చిట్టి


మే 11

చిట్టికి,

ఆశీస్సులు. కంపెనీ జవాబు వచ్చింది. పైపుకీ, పైకప్పుకీ, బల్లకీ ఇస్తారట. బూజుకీ, వేరేవాళ్ల పుస్తకాలకీ ఇవ్వరట. నువ్వు చెప్పినట్టే. కాగితం మీద ఈసారి నా పేరు ఉంది. చాలాసేపు చూశాను.

సర్వేయర్ కళ్లజోడు చేతిలోకి తీసుకుని "ఇది కూడా రాసుకోమంటారా" అంటే, నువ్వు ఆయన చేతిలోంచి తీసేసుకుని "వద్దండీ, ఇది పాడవలేదు" అన్నావు చూడు, అప్పుడు నేను వంటింట్లోకి వెళ్లింది మంచినీళ్ల కోసం కాదు.

నువ్వు వెళ్లాక ఇల్లు ఇంకా పెద్దదైపోయింది. గదికి సున్నం వేయించాను. కిటికీ తెరిచే ఉంటుంది. పొద్దున్న టీ తాగి అలవాటుగా తలుపు తీస్తాను, చూసుకోవడానికి ఏమీ ఉండదు, మళ్లీ వేస్తాను. దగ్గు తగ్గింది. అదొక్కటే లాభం.

మనిద్దరం పట్టి లాగినా కదలని ప్రెస్సు మర గుర్తుందిగా. రోజూ కొంచెం నూనె పోస్తూ వచ్చాను. లిఫ్టుల దగ్గర నేర్చుకున్నది అదే, బలం పెడితే విరుగుతుంది, ఓపిక పడితే కదులుతుంది. నిన్నగాక మొన్న కదిలింది. లోపల పుస్తకం పొడిగా ఉంది చిట్టీ. అంచులు కొంచెం రంగు మారాయి, అంతే. గదంతా నానిపోయినా, తను ఎంత గట్టిగా బిగించిందో, చుక్క నీరు లోపలికి పోలేదు. అట్ట తెరిస్తే జిగురు వాసన వచ్చింది, మీ అక్క పొయ్యి మీద కాచే పిండి జిగురు. వెంటనే మూసేశాను, వాసన అయిపోతుందేమోనని.

లైబ్రరీకి తీసుకెళ్లి ఆలస్యానికి మన్నించమన్నాను. అక్కడి ఆవిడ, మేం ఇంకోటి కొనేసుకున్నామండీ, ఇది మీరే ఉంచుకోండి అంది. తేనెటీగల పెంపకం గురించిన పుస్తకం. నాకు తేనెటీగలతో పని లేదు, నీకు అసలే లేదు. అయినా నీకు పంపుదామని కాగితం చుట్టి పోస్టాఫీసుకి పట్టుకెళ్లాను.

కౌంటర్లో అమ్మాయి పార్సిల్‌కి బీమా చేయిస్తారా అని అడిగింది. పోతే డబ్బు తిరిగి ఇస్తారట. వస్తువు విలువ ఎంతో చెప్పమంది. లైబ్రరీ వాళ్లు కూడా వద్దన్న పుస్తకం అన్నాను. అయితే బీమా అక్కర్లేదుగా అంది. నా వెనక వరసలో జనం ఉన్నారు. పార్సిల్ తీసుకుని ఇంటికి వచ్చేశాను.

దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేను. నేనే తీసుకొస్తాను. ఆదివారం మధ్యాహ్నం రైలు ఉంది, టిక్కెట్టు కొన్నాను. తను పోయాక ఊరు దాటడం ఇదే మొదటిసారి.

ఈసారి ప్రశ్నలేమీ లేవు. ఆ రెండో కుర్చీ మీది బట్టలు మాత్రం కదుపు.

బావ